ఎద్దుకు ఉలవలు, అత్తకు గంజి

మా అత్త సుబ్బలక్ష్మమ్మ ఒకరి మాట వినే మనిషి కాదు. ఆళ్లగడ్డ దగ్గర మా పల్లెలో ఆమె ఎదురొస్తే మగవాళ్ళు కూడా బీడీ వెనక్కి దాచేవాళ్ళు. ఒళ్ళు భారీ, గొంతు అంతకన్నా భారీ. నేను కాపురానికొచ్చి నాలుగేళ్ళయినా ఆమె ముందు గట్టిగా ఒక్క మాట మాట్లాడింది లేదు. దాని ఫలితం ఏమిటో 1957లో తెలిసొచ్చింది.

అత్త బొడ్డు పక్కన నిమ్మకాయంత ఉబ్బు ఏళ్ళుగా ఉండేది. పడుకుంటే లోపలికి పోయేది. ఆ ఏడు జొన్నకోతల్లో కట్ట ఎత్తగానే అది బయటికొచ్చి ఇరుక్కుపోయింది. ఒకటే వాంతులు. బండి కట్టించి, ఆళ్లగడ్డలో బస్సెక్కించి, నంద్యాల మిషన్ ఆసుపత్రికి చేర్చేసరికి మనిషి మనిషిలా లేదు. డాక్టరమ్మ పరంజ్యోతి ఆమె కాళ్ళ కింద దిండ్లు పెట్టించి, గంటసేపు చేత్తో మెల్లగా నొక్కి పేగును లోపలికి పంపింది. తర్వాత నన్ను పక్కకు పిలిచింది.

"ఈసారి పోయింది. ఇంకోసారి ఇరుక్కుంటే పోదు, కుళ్ళుతుంది. కోసి కుట్టాలి. కానీ ఇంత కొవ్వులో కుట్లు నిలవవు. ఏప్రిల్ మొదటి వారానికి ఇరవై పౌండ్లు తగ్గించి తీసుకురా."

ఎట్లా తగ్గించాలో కూడా చెప్పింది. అన్నం సగం చేయాలి, నూనె చుక్కలతో సరిపెట్టాలి, బెల్లం మానాలి. "పప్పు మాత్రం రోజుకు మూడు పిడికిళ్ళు పడాలి. రెండు గుడ్లు, అరసేరు పాలు. ఇవి తగ్గిస్తే కొవ్వుతో పాటు కండ కరుగుతుంది. కండ కరిగిన ఒంట్లో గాయం మానదు." నేను మరచిపోతాననేమో, పిడికిలి మూసి మూడుసార్లు చూపించింది.

బస్సులో అత్తకు ఇదంతా చెప్పాను.

"కోతకు పొయ్యేదానికి పప్పా?" అంది అత్త. "పప్పు తింటే చీము పడ్తాదని ఎవురికి తెల్దు? గుడ్డు వేడి. పాలు కఫం. ఆ యమ్మ సదువుకున్యాది గానీ, పత్తెం తెల్దు."

మా వైపు గాయమైనవాడు మొదట మానేది పప్పే. నేనూ అట్లాగే పెరిగాను. అయినా డాక్టరమ్మ పిడికిలి నా కళ్ళ ముందే ఉంది. ఇంకోసారి చెప్పాల్సింది. కానీ సరేనని తలూపాను.

ఆ రోజు నుంచి అత్తకు పొద్దున గంజి, మధ్యాహ్నం గంజి, నంజుకోను కారం. సోమవారం, శనివారం ఒక్కపొద్దు. కాచింది నేను, పోసింది నేను.

పక్షానికోసారి ఆళ్లగడ్డ వేరుశనగ మండీలో మూటలు తూచే కాటా మీద కూర్చునేది. మొదటిసారికే ఎనిమిది పౌండ్లు దిగింది. నెల తిరిగేసరికి పద్నాలుగు. ఊరంతా మెచ్చుకుంది. "పప్పు తిని ఉంటే దిగేదా?" అని అత్త నా వైపు చూసింది. ఆ చూపుకు నేను మళ్ళీ తలూపాను. నా తలకు అదొక్కటే వచ్చు.

కాటాకు కనపడనిది నాకు కనపడేది. దువ్వెనకు జుట్టు ముద్దలుగా వచ్చేది. ఒంటిచేత్తో నీళ్ళ బిందె చంకనెత్తిన మనిషి చెంబు పట్టుకుంటే చెయ్యి వణికేది. పాదాలు ఉబ్బాయి, వేలితో నొక్కితే గుంట అట్లాగే నిలిచేది. ఉబ్బు మాత్రం చిక్కలేదు. దగ్గితే చాలు బయటికొచ్చేది. ఒక ఉదయం ఎంత నొక్కినా లోపలికి పోలేదు. డాక్టరమ్మ చేసినట్టే కాళ్ళ కింద దిండ్లు పెట్టాను. చివరికి పోయింది. అత్త చీర సర్దుకుని, "ఎవురికీ చెప్పాకు" అంది.

మా మామ ఓబులేసుకు ఎద్దులే లోకం. ఆ నెలలో అహోబిలం తిరునాళ్ళకు బండలాగుడు పందెం. ఆయన జోడీలో ఎడమెద్దు పొట్ట పెంచి బద్ధకించింది. దాని ఒళ్ళు దించాలని గడ్డి సగానికి సగం కోసేశాడు. కానీ రెండు పూటలా నా చేత ఉలవలు ఉడికించేవాడు. ఉబ్బు ఇరుక్కున్న ఆ రోజే, ఉలవల తట్ట ఇచ్చి రాకుండా నిలబడిపోయాను.

"మామా, ఒళ్ళు దించాలంటివే. ఉలవలు తగ్గించవా?"

ఆయన నవ్వాడు. "ఉలవలు తీసేస్తే కండ పోతాది మ్మే. బండ కాడ మోకాళ్ళ మీద పడ్తాది. దించాల్సింది పొట్టను, ఎద్దును గాదు."

"మరి అత్తకు నెలన్నరగా గంజే పోస్తాండాను" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. పాదాల సంగతి, పొద్దున ఇరుక్కున్న సంగతి, అన్నీ. వంటింటి గడప ఏనాడూ తొక్కని మనిషి ఉలవల తట్ట పట్టుకుని నేరుగా లోపలికి వెళ్ళి అత్త ముందు పెట్టాడు.

"తిను."

"నేనేమన్నా ఎద్దునా?"

"ఎద్దయింటే చూసుకునేటోణ్ణి. నెలన్నరగా నీ మొకం చూడల్య. తప్పు నాదే."

అత్త ఆయన్ను వదిలి నా మీద పడింది. "ఏం చెప్పినావే?"

"మూడు పిడికిళ్ళు పప్పు తినాలని చెప్పింది డాక్టరమ్మ. నీకు భయపడి గంజి పోస్తి. ఇంక పొయ్యను అత్తా."

"రేపు చీము పడితే నీ చేతి కూడు ముట్టను. నా పీనుగ కాడికి గూడ రానియ్యను."

"రానియ్యాకు. ఇప్పుడు మాత్రం తిను."

తిన్నది. నన్ను తిట్టుకుంటూ మూడు పిడికిళ్ళూ తిన్నది, మూడు వారాలు. అన్నం సగమే పెట్టాను. కాటా మీద దిగడం దాదాపు ఆగిపోయింది, అది కూడా నా నెత్తినే రుద్దింది. కానీ పాదాల వాపు తీసింది, చెంబు వణకడం మానింది.

ఏప్రిల్‌లో డాక్టరమ్మ తూచి, "పదిహేనే తగ్గావు" అంది. తర్వాత తన రెండు వేళ్ళు ఇచ్చి గట్టిగా పట్టుకోమంది. అత్త పట్టిన పట్టుకు చెయ్యి వెనక్కి లాక్కుని, "చాలు. రేపే కోస్తాను" అంది.

కోత అయ్యాక ఎనిమిది రోజులు నాకు నరకం. ఆసుపత్రి వరండాలో మూడు రాళ్ళ పొయ్యి పెట్టి పప్పు వండేదాన్ని. పక్క మంచాల వాళ్ళ ఆడవాళ్ళు, "కోతమనిషికి పప్పు పెడ్తాండాదే, ఎంత మంచి కోడలో" అని నాకు వినపడేలా అనుకునేవాళ్ళు. ఎనిమిదో నాడు కట్టు విప్పారు. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

"చూడు" అంది డాక్టరమ్మ.

గాయం పొడిగా ఉంది. బొట్టు చీము లేదు. నాకు ఏడుపొచ్చింది.

అత్త కట్టు కట్టించుకుని, అందరూ వెళ్ళేదాకా ఊరుకుంది. అప్పుడు నా చెయ్యి పట్టుకుంది.

"బస్సులోనే ఎందుకు పట్టుబట్టల్య?"

"చెప్పినా గదత్తా."

"ఒక్కసారి చెప్పినావ్. నా అట్లాదానికి ఒక్కసారి సాల్తాదా?" గొంతు తగ్గించి అడిగింది. "నేనంటే భయమా, నేను పోతే మేలనుకున్యావా?"

"భయమే అత్తా" అన్నాను.

రెండోది నా మనసులో ఎన్నడూ లేదని ఒట్టేసి చెప్పలేను. ఆమెకూ అది తెలిసే ఉంటుంది. నా చెయ్యి వదలకుండానే, రెండో చేత్తో తన పప్పన్నం పళ్ళెం నా ముందుకు జరిపింది.

"నువ్వు గూడ ఏసుకో పప్పు" అంది. "పదే పదే చెప్పాలంటే ఒంట్లో సత్తువ ఉండాల."