రాని ఆఫీసరు కోసం తాళం తీసిన గది

నాచారంలో నేను ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పాఠాలు చెప్పే ప్రభుత్వ బడికి జిల్లా నుంచి పెద్ద వ్యాయామ బంతి, చక్రాల కుర్చీ వచ్చాయి. మా హెడ్మాస్టరు గారు కవర్లు కూడా విప్పకుండా వాటిని గదిలో పెట్టి తాళం వేశారు. పాడైతే తనిఖీలో ఎవరు జవాబు చెప్పాలని ఆయన బెంగ. నడుము నిలవని ఏడేళ్ల మమత మాత్రం రోజంతా చాప మీద పడుకుని పైకప్పు చూస్తూ ఉండేది.

ఈ రోజు పొద్దున్నే ఒక అబద్ధం ఆడాను. "సార్, జిల్లా ఆఫీసరు వస్తున్నారట. వాడినట్టు కనిపించకపోతే వచ్చే ఏడాది మనకేమీ ఇవ్వరట."

సారే తాళం తీసి, తన చేత్తోనే కవర్లు చింపారు. నేను పట్టుకుంటే మమత బంతి మీద బోర్లా ఊగుతూ, తలెత్తి కిటికీలోంచి రోడ్డు చూసి కేరింతలు కొట్టింది.

మధ్యాహ్నానికి సారుకు అనుమానం వచ్చింది. "ఏందమ్మా, మీ ఆఫీసరు ఇంకా రాకపాయె?"

"ఉప్పల్‌లో ఫ్లైఓవర్ పనులు కదా సార్, ఇరుక్కుని ఉంటారు."

"గట్లయితే ఆ పిల్లను జర బంతి మీదనే ఉండనియ్యి. ఆయనొచ్చి సూడాలె గద!"

సాయంత్రం మమతను చంకనెత్తుకుంటూ వాళ్లమ్మ నా చెవిలో అడిగింది. "మేడం, రేపు గూడ ఆఫీసరొస్తడా?"

వస్తాడని మాటిచ్చేశాను. రేపు ఆయన ఎందుకు రాలేదని సారుకు చెప్పాలో మాత్రం మీరే కామెంట్లలో చెప్పాలి.