ఇంటిదాకా దింపిన షావుకారు

ప్రొద్దుటూరులో పన్నెండేళ్లు పనిచేసిన బంగారం అంగడిని మర్యాదగానే వదిలాను. జమ్మలమడుగులో మా బావ పెడుతున్న అంగడికి పోతానంటే షావుకారు ఒక్క మాటా తూలలేదు, పైగా శాలువా కప్పాడు. ఆ మంచితనమే నన్ను భయపెట్టింది.

“ఎండ శానా ఉంది. రాప్పా, ఇంటికాడ దింపుతా” అని తనే కారు తీశాడు. నన్ను దారి అడగకుండానే సందులు తిప్పి, సరిగ్గా మా గుమ్మం ముందు ఆపాడు. ఆయన్ను నేనెప్పుడూ ఇంటికి పిలిచింది లేదు.

“మా ఇల్లు మీకెట్ల తెలుసన్నా?”

“నా బంగారం ఎవుని చేతిలో ఉంటే వాని ఇల్లు నాకు తెలియకుండా ఉంటాదా? శానా సార్లు వచ్చి చూసిపోయినా, నువ్వు అంగట్లో ఉన్నెప్పుడు.”

నన్ను నమ్మాడనుకున్నాను ఇన్నేళ్లూ. ఒళ్లు మండింది. అయినా లోపలికి పిలిచి, కాఫీ తాగి పొమ్మన్నాను.