అత్త ముందు కాళ్ళు చాపకూడదు

మెడలో ఆఫీసు కార్డు వేలాడితే చాలు, ద్వారకా నగర్ అంతా మనకేసే చూస్తోందనుకునే వయసు అది. (ఎవరూ చూడలేదు, బస్ కాంప్లెక్స్‌కి దారడిగినవాళ్ళు తప్ప.) పోర్టుకి వచ్చిపోయే లారీల వివరాలు నమోదు చేసే ఒక యార్డుకి మేము సాఫ్ట్‌వేర్ చూసేవాళ్ళం. నా కంప్యూటర్‌లోని ఒకే ప్రోగ్రాం నుంచి మూడు సర్వర్లకి కనెక్షన్ పెట్టుకోవాలి: యార్డులో అసలు వివరాలుండేది, మేము ప్రయోగాలు చేసుకునే నకలు, పాతవి దాచేది. మూడింటికీ పొడుగాటి అంకెలే, చివరి అంకె ఒక్కటే తేడా. వాటినలాగే ఉంచేసి, కాళ్ళు ఎదుటి కుర్చీ మీదికి చాపి గొప్పగా కూర్చున్నాను.

పక్క సీటు సీనియర్‌ది చేపల వేటకెళ్ళే కుటుంబం. చేరిన రోజే నన్ను బావను చేసేశాడు. "ఏటి సేత్తన్నావ్ బావ? నంబర్లు సూసి మనుసుల్ని గుర్తుపడతామేటి? పేర్లెట్టు" అంటూ కీబోర్డు లాక్కుని, యార్డు సర్వర్‌కి 'అత్త', నకలుకి 'మరదలు', మూడోదానికి 'మామ' అని పెట్టాడు. "మరదలితోటి ఎన్ని ఏసాలైనా ఏసుకో. మామ ఏటిచ్చినా నోరెత్తకుండా పుచ్చుకుంటాడు. అత్త కాడ మాత్రం కాళ్ళు దించి కూకో." వేళాకోళం అనుకున్నాను. కానీ అత్తకి కనెక్టయినప్పుడల్లా నా కాళ్ళు నేల మీదికి దిగేదాకా వదిలేవాడు కాదు. గోదావరి జిల్లా నుంచి ఉక్కు ఫ్యాక్టరీలో పనికి వచ్చిన మా నాన్న కూడా నన్నింత మర్యాదగా పెంచలేదు.

ఒక మధ్యాహ్నం, నకలులోని లారీలన్నిటినీ తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టమన్నారు మేనేజరు. ఇంతలో యార్డు నుంచి ఫోను, గేటు దగ్గర ఏదో లారీ వివరం కనబడటం లేదని. అత్తని తెరిచి, వెతికి చెప్పి, ఫోను పెట్టేసి, తుడిచేసే కమాండ్ టైపు చేశాను. వేలు మీట మీద ఉంది. అప్పుడు చూసుకున్నాను, నా కాళ్ళు రెండూ బుద్ధిగా నేల మీదున్నాయి. మరదలి ముందు నేనింత ఒద్దికగా ఎందుకు కూర్చున్నాను? తలెత్తి చూద్దును కదా, తెర మీద అత్త. నొక్కేసి ఉంటే గేటు దగ్గర ఒక్క లారీ కదిలేది కాదు, ఇంకా పర్మనెంటు కాని నా ఉద్యోగం మాత్రం కదిలిపోయేది.

జరిగింది చెబితే సీనియర్ నవ్వలేదు. "నాను సెప్తే ఇనవు గానీ, నీ కాళ్ళు ఇన్నాయి బావ" అని టీకి తీసుకెళ్ళాడు.

ఇప్పుడతను వేరే ఊళ్ళో ఉన్నాడు. నా తెర మీద ఆ పేర్లు అలాగే ఉన్నాయి, అత్త కనబడగానే కాళ్ళు దిగిపోతాయి. ఇంటి నుంచి పని చేస్తుంటే మా ఆవిడ చూసి, "మా అమ్మ వస్తే సోఫా దిగని కాళ్ళు ఇవేనా?" అంది. ఇవే. అప్పటి నా పొగరు కాళ్ళని రోజూ దించిన బావని తలుచుకుని, వాటినింకొంచెం దగ్గరగా పెట్టుకున్నాను.