మొదటి పడి

మా పెద్దపాపను ఒకటో తరగతిలోనే బడి మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టుకున్నానని చెప్పుకోవాలంటే నాకు ఇప్పటికీ సిగ్గే. చేసిన పని మంచిదేనని నమ్మాను. నమ్మిన పనిని తలెత్తుకుని మాత్రం చేయలేకపోయాను. ఎవరైనా ఆ రోజుల గురించి అడిగితే మాట దాటేసి కాఫీ పెడతానని లోపలికి పోతాను.

డెబ్బైల చివర సంగతి. చిత్తూరులో మా ఇల్లు, ఇంటి ముందరే మా మామ అంగడి. రాగులు, ఉలవలు, శెనక్కాయలు, చింతపండు అమ్మేవారు. మా ఆయనకు తిరుమల కొండ మీద చిన్న కొట్టు ఉండేది. తీరిక దొరికినప్పుడు బస్సు పట్టుకుని ఇంటికి వచ్చేవాడు. అత్తగారు నేను కాపురానికి రాకముందే పోయింది. ఇంట్లో మామ, నేను, ఇద్దరు ఆడపిల్లలు.

పెద్దదాన్ని అయిదేళ్ళు నిండగానే దగ్గరి బళ్ళో వేశాం. అక్కడి అయ్యవారికి చేతిలో బెత్తం లేకపోతే పాఠం సాగదు. ఆయన కొట్టింది మా పాపను కూడా కాదు, పక్కన కూర్చున్న పిల్లను. అది చూసి మా పాప కూర్చున్న చోటే పావడా తడుపుకుంది. మర్నాడూ అంతే. పిల్లలు దానికో పేరు పెట్టి వెంటపడ్డారు. ఆ తరవాత బడి మాట ఎత్తితే చాలు, ధాన్యం మూటల వెనక దూరి బయటికి వచ్చేది కాదు.

నేను ఎస్సెల్సీ దాకా చదివినదాన్ని. ఆ పొగరు కొంచెం ఉండేది. నేనే చెప్పుకుంటానని మా ఆయనతో అన్నాను. ఆయన సరేనన్నాడు గాని ఒక షరతు పెట్టాడు. పెద్దబళ్ళో హెడ్మాస్టరు పిల్లల్ని కూర్చోబెట్టి అడిగి చూసి మూడో తరగతిలో చేర్చుకుంటాడు. మూడో తరగతి వయసు వచ్చాక పాపను అక్కడ చేర్చుకుంటే చిన్నదానికీ నేనే చెప్పుకోవచ్చు. చేర్చుకోకపోతే ఇద్దరినీ పలమనేరులో వాళ్ళ మేనత్త ఇంట్లో పెట్టి అక్కడి బడికి పంపిస్తాడు, నేను నోరెత్తకూడదు. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోక చేసేదేముంది?

మా బడి ఎక్కువగా నీవా ఏటి ఇసకలో జరిగేది. ఏట్లో నీళ్ళుండేది తక్కువ, ఇసక బోలెడు. కానుగ పుల్లతో మా పాప తనంత పొడుగు అక్షరాలు రాసేది. చిన్నది వాటి మీద నడిచేది. మొదటి వానలకు ఆరుద్ర పురుగులు బయటపడితే అరచేతిలో పెట్టుకుని కాళ్ళు లెక్కపెట్టేవాళ్ళం. తంగేడు పువ్వు విప్పి చూసేవాళ్ళం. ఇసకలో గుంట చేసుకుని చీమల కోసం కాచుకునే పురుగును గంటసేపు చూసేవాళ్ళం. ఎండ ముదిరితే ఇంటికొచ్చి వామనగుంటల్లో చింతపిక్కలు పంచుకుంటూ కూడికలు, తీసివేతలు.

ఇదంతా చెప్పుకోవడానికి బాగుంటుంది. నేను ఏటికి ఎలా పోయేదాన్నో కూడా చెప్పాలి. అల్యూమినియం పెట్టెలు పట్టుకుని పిల్లలు బడికి పోయే వేళకు వీధి తలుపు తీసేదాన్ని కాదు. గంట కొట్టాక పెరటి సందులోంచి, ఎవరింట్లోనో దొంగతనం చేసినదానిలా, ఇద్దరినీ లాక్కుపోయేదాన్ని. ఎదురింటావిడ పాప బడికి పోలేదేమని అడిగితే ఒకరోజు జ్వరమనీ ఒకరోజు కళ్ళకలకనీ చెప్పేదాన్ని. ఆరోగ్యంగా గెంతుతున్న పిల్లకు ఎన్ని జబ్బులు అంటగట్టానో. ఆవిడ పైకి ఏమీ అనేది కాదు. ఆ అనకపోవడమే నాకు మంటగా ఉండేది.

ఇంట్లో నాకు అండగా ఉన్న మనిషి మామ ఒక్కరే. పాపను అంగట్లో పక్కన కూర్చోబెట్టుకునేవారు. కిలోలు వచ్చి ఎన్నాళ్ళయినా పల్లెల నుంచి వచ్చేవాళ్ళకు పడితోనే, ఆ పాత కొలత గిన్నెతోనే, కొలిచేవారు. కొలతకు మొదటి పడిని ఒకటి అనరు. లాభం అంటారు. రాశి దగ్గర నోట మంచిమాట రావాలని పెద్దలు పెట్టిన పద్ధతి. ఆయన మొదటి పడి ముంచి, "లాభం, లాభం" అని రాగం తీస్తూ సంచిలో పోసి, తరవాత రెండు, మూడు అని లెక్క సాగించేవారు. మా పాపకు ఆ పాట తెగ నచ్చింది. కుప్పగా ఉన్నది ఏది కనిపించినా, గులకరాళ్ళు గాని, వేపకాయలు గాని, లాభంతోనే మొదలుపెట్టేది. ఒకటి అనడం రాక కాదు. పలక మీద ఒకటే రాసేది. కుప్పలోంచి తీసి లెక్కపెట్టేటప్పుడు మాత్రం లాభం.

మామ ఒకసారి నన్ను హెచ్చరించారు కూడా. "బళ్ళో ఇట్ల అనరేమో అమ్మా. ఒకటి అనే చెప్పియ్యరాదా?" అన్నారు. నేను వినలేదు. పిల్ల చేతులతో ఎత్తి పోస్తూ నేర్చుకున్న లెక్క, దాన్ని ఎందుకు చెరపాలి అన్నాను. ఆయన తలూపి అంగట్లోకి పోయారు.

అలా రెండేళ్ళు గడిచాక జూన్‌లో పెద్దబడికి పోయాం. మా ఆయనకు కొండ మీద రద్దీ, రాలేకపోయాడు. మామ అంగడి మూసి, ఉతికిన పంచె కట్టుకుని మాతో వచ్చారు. చిన్నది ఆయన చంకలో ఉంది. హెడ్మాస్టరు చెడ్డ మనిషేమీ కాదు. పాపను దగ్గరికి పిలిచి పుస్తకంలో ఒక పుట చదవమన్నాడు. గడగడా చదివింది. పేరు రాయమంటే రాసింది. నా గుండె కుదుటపడింది. మూడో తరగతి దొరికినట్టే, చిన్నది నా దగ్గరే ఉంటుందని లోపల్లోపల గెంతుతున్నాను.

అప్పుడు ఆయన సుద్దముక్కల పెట్టె బల్ల మీద బోర్లించి, లెక్కపెట్టమన్నాడు.

పాప ఒక సుద్దముక్క తీసి పక్కన పెట్టింది. "లాభం," అంది. తరవాత రెండు, మూడు అని వరసగా తప్పులేకుండా చివరిదాకా చెప్పింది. హెడ్మాస్టరు పగలబడి నవ్వాడు. పక్క గదిలో ఉన్న అయ్యవార్లను పిలిచి, మళ్ళీ చెప్పమ్మా అన్నాడు. అందరూ మెచ్చుకుంటున్నారనుకుని మా పాప ఈసారి తాత లాగే రాగం తీసి, "లాభం, లాభం" అంది. గది గదంతా నవ్వింది. ఎవరో ఇంకోసారి చెప్పమన్నారు. మూడోసారి సుద్దముక్క చేతిలోకి తీసుకుని పాప వాళ్ళ మొహాలు చూసింది. తరవాత నా మొహం చూసింది. నా మొహంలో ఏం కనిపించిందో నాకు తెలుసు. ముక్క బల్ల మీద పెట్టేసి చేతులు పావడాలో దాచుకుంది.

భూమి చీలితే బాగుండుననిపించింది. నేను చెప్పాల్సిన మాట ఒకటే, అది మా ఇంటి పద్ధతి, నేనే నేర్పించాను అని. ఆ మాట అనకుండా సుద్దముక్కల వైపు చూస్తూ నిలబడ్డాను.

మామ చిన్నదాన్ని కిందికి దింపి, భుజం మీది తుండు తీసి చేతిలో పట్టుకున్నారు. నా పెళ్ళయినప్పటి నుంచి ఆయన ఎవరి ముందరా తుండు తీయడం నేను చూడలేదు.

"తప్పు నాది సార్," అన్నారు. "మా కోడలు బాగానే చెప్పింది. నేనే అంగట్లో కూసోబెట్టుకొని బిడ్డను చెడగొట్టినాను. సదువు రానోణ్ణి. ఇంక అననీను. ఆ యమ్మ కష్టాన్ని సూసి చేర్చుకోండి."

హెడ్మాస్టరుకే ఇబ్బంది అయినట్టుంది. ఫరవాలేదు పెద్దాయనా, పిల్ల చురుగ్గా ఉంది, మూడో తరగతిలోనే వేస్తానని చెప్పి, లెక్కలు మాత్రం సరిగా నేర్పించమని నాకు చెప్పాడు. నేను అలాగేనని తలూపాను. మామ తుండు మళ్ళీ భుజం మీద వేసుకోలేదు, అలాగే చేత్తో పట్టుకుని నడిచారు.

దారిలో పాప అడిగింది, లాభం అంటే తప్పా అమ్మా అని. తప్పు కాదు, బళ్ళో అట్ల అనరు, అంతే, అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు. మామతో ఒక మాట చెప్పాలని ఇల్లు చేరేదాకా అనుకున్నాను. ఏమని చెప్పను? మామా, మీరు నా తప్పును మీ నెత్తిన వేసుకున్నారు, నేను వేసుకోనిచ్చాను అని చెప్పాలి. ఆయన ఏమీ జరగనట్టు అంగడి తెరిచి కూర్చున్నారు. నేను వంటింట్లోకి పోయాను.

మర్నాడు పొద్దున పల్లె నుంచి ఒకావిడ రాగుల కోసం వచ్చింది. మామ పడి ముంచారు. బడికి తయారై మెట్టు మీద కూర్చున్న పాప గబగబా ఆయన దగ్గరికి వెళ్ళింది. నేను గడప లోపల జల్లెడ పట్టుకుని ఉన్నాను.

"తాతా, లాభం అనొద్దు. నవ్వుతారు," అంది.

పడి గాల్లోనే ఆగింది. రాగులావిడ సంచి మూతి తెరిచి పట్టుకుని చూస్తోంది. మామ పాప వైపు చూసి, సరేలే తల్లీ అన్నారు. మొదటి పడి ఏమీ అనకుండా పోశారు. రెండోది ముంచి, "రెండు, రెండు" అన్నారు. ఒకటి అనడానికి మాత్రం ఆయనకు నోరు రాలేదు. ఆ రోజు నుంచి పాప ఇంట్లో ఉన్నా లేకపోయినా మొదటి పడి అలాగే పోసేవారు.

మా ఆయన వచ్చి సంగతి విని సంతోషించాడు. మూడో తరగతి దొరికిందిగా, చిన్నదాన్ని నువ్వే చూసుకో అన్నాడు. కోరుకున్నది దక్కింది. పెద్దది బడికి పోయాక చిన్నదాన్ని తీసుకుని ఈసారి వీధి తలుపు తీసుకునే ఏటికి పోయాను. ఎదురింటావిడ చూస్తే చూడనీ అనుకున్నాను.

అది ఇసకలో చతికిలబడి గులకరాళ్ళు కుప్ప పోసుకుంది. నేను ఇంకా ఏమీ నేర్పలేదు. అది అప్పటి నుంచి రోజూ తాత పక్కన కూర్చుని ఆయన కొలవడం చూస్తోంది. ఒక రాయి తీసి, పెదవులు గట్టిగా మూసుకుని, పక్కన పెట్టింది. తరవాతి రాయి తీసి పెద్దగా, "రెండు," అంది.

నేను దిద్దబోయాను. మొదటి రాయిని చేతిలోకి తీసుకుని దాని ముందర కూర్చున్నాను. చిన్నది నా నోటి వైపే చూస్తోంది. ఆ రాయిని ఏమనాలో నాకు తోచలేదు.