పత్తిగింజ కింద బావి

మొన్న దర్శి బస్టాండు పక్క చిన్న హోటల్లో గ్లాసెడు నీళ్ళు నోట్లో పోసుకోగానే నాలుకకు ఉప్పు తగిలింది. హోటలు నడిపే ఆమె కంగారుపడింది. "అయ్యో పెద్దమ్మా, అయ్యి చేతులు కడుక్కునే నీళ్ళు!" అంటూ ఇంకో గ్లాసు తెచ్చిపెట్టింది. నేను మాత్రం మొదటి గ్లాసు వదల్లేదు. ఆ రుచితో పాటే దేవసహాయం గారు గుర్తొచ్చారు.

అరవైలలో ఒంగోలులో బావినీళ్ళ సర్వే ఆఫీసుకు ఆయన అధికారి. నేను మ్యాపులు గీసేదాన్ని. మాది చీరాలలో నేత ఇల్లు. చీర అంచులు చూస్తూ పెరిగానేమో, గీత వంకర పోతే నాకు అన్నం సహించేది కాదు. సర్వేవాళ్ళు బావుల నుంచి సీసాల్లో నీళ్ళు తెస్తే, ఉప్పు ఎంతుందో పరీక్షించి ఆ అంకెలను మ్యాపు మీద వేసేవాళ్ళం. బావి చూడని చోటికి చుట్టుపక్కల అంకెలను బట్టి లెక్కగట్టి గీతలు కలిపేదాన్ని. ఆ లెక్క ఎంతవరకు నిజమో తేల్చడానికి ఆయన సొరుగులో గుప్పెడు పత్తిగింజలు ఉండేవి. ఒక బావి అంకె మీద గింజ పెట్టి, "ఇది లేదనుకోమ్మా. మిగతావాటిని బట్టి చెప్పు" అనేవారు. చెప్పాక గింజ తీసి చూసేవాళ్ళం. దగ్గరగా వస్తే నవ్వేవారు, రాకపోతే ఇంకా నవ్వేవారు. "తప్పు ఈ బల్ల మీద తేలితే మనకు నామోషీ, అంతే. అక్కడ తేలితే జనం గొంతులెండుతయ్యి" అనేవారు.

ఒకసారి దర్శి వైపు ఒక ఊరి మ్యాపు గీశాను. ఉప్పునీళ్ళని మ్యాపు చూపిన చోట ప్రభుత్వం కొత్త మంచినీళ్ళ బావి తవ్విస్తుంది. తియ్యటి నీళ్ళని చూపితే ఇక ఆ వైపు ఎవరూ రారు. ఆ మ్యాపులో ఏ బావి మీద గింజ పెట్టినా నా లెక్క సరిపోయింది. "ఇక సంతకం పెట్టండి సార్, రేపు పంపాలి" అన్నాను గర్వంగా. ఆయన ఇంకో గింజ తీసి వాగు అవతల పెట్టారు.

"దీని సంగతి చెప్పు."

"తియ్యటి నీళ్ళే సార్. చుట్టూ అవేగా!"

"చుట్టూ కాదమ్మా, ఒక పక్కే. ఇప్పుడు గింజ తియ్యి."

తీశాను. కింద ఏ అంకే లేదు.

"అక్కడ కూలివాళ్ళ పల్లె ఉంది. మనవాళ్ళు ఊళ్ళో బావులన్నీ చూశారు, ఆ పల్లెలోకి మాత్రం కాలు పెట్టలేదు" అన్నారు. ఎందుకు పెట్టలేదో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. అంత ముచ్చటగా గీసిన మ్యాపును ఒక్క గింజ కోసం ఆపుతారా అని నాకు ఒళ్ళు మండింది.

మర్నాడు మిరప కల్లాల ఘాటుకు తుమ్ముకుంటూ జీపులో వెళ్ళాం. పల్లె బావి దగ్గర మరియమ్మ అనే ఆవిడ నీళ్ళు తోడుతోంది. దాహమని ఆయన అడిగితే చేద వెనక్కి తీసుకుంది.

"ఈటికి పప్పు కూడా ఉడకదయ్యా, మీరేం తాగుతారు? తాగటానికి ఊళ్ళోకి పోతాం. ఎవురన్నా తోడి పోస్తే తెచ్చుకుంటాం."

ఆయన దోసిలి పట్టి తాగారు. నేను ఒక్క గుక్క కూడా మింగలేకపోయాను. తిరుగు దారిలో ఆయన చెప్పారు. "మా అమ్మా అట్టాగే నిలబడేది, బిందె పట్టుకుని. పోసేవాళ్ళకు బుద్ధి పుట్టిందాకా." ఆయనది అలాంటి పల్లే అని నాకు ఆ రోజే తెలిసింది. నా కోపం ఎటు పోయిందో! ఏడుపు ఆపుకోవడమే కష్టమైంది.

వాగు దగ్గర గీత వంచి మ్యాపు మళ్ళీ గీశాను. నా చేతి మీదుగా పోయిన వంకర గీతల్లో నాకు ఇష్టమైనది అదొక్కటే. మరుసటి వేసవికి వాగు ఒడ్డున ఆ పల్లెకు బావి పడింది. మరియమ్మ పట్టుబట్టి మమ్మల్ని భోజనానికి పిలిచింది. కందిపప్పు మెత్తగా ఉడికింది. మొదటి ముద్దకే ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"కారం ఎక్కువయిందా అయ్యా?" అందామె.

"లేదమ్మా. సరిగ్గా ఉంది."

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు టీవీలో వానల మ్యాపు నున్నటి రంగుల్లో కనబడితే, ఆ రంగు కింద ఎవరైనా నిలబడి చూశారా అని అడగాలనిపిస్తుంది. నేను ఇష్టపడిన మనిషి నాలో వదిలి వెళ్ళిన అనుమానం అది. హోటల్లోనూ ఊరుకోలేకపోయాను.

"మీ ఇల్లెక్కడమ్మా?"

"ఈ వెనకే, పెద్దమ్మా."

"ఇంట్లో ఏం నీళ్ళు తాగుతారు?"

ఆమె నా చేతిలోని మొదటి గ్లాసు వంక చూసింది. "అయ్యే" అంది మెల్లగా.

ఈసారి గ్లాసు ఖాళీ చేశాను.