మస్తానమ్మ తెల్లవారి మొక్కు

అల్లూరుకు తూర్పున, సముద్రపు ఒడ్డున గల పట్టపుపాళెంలో మస్తానమ్మను ఎరుగనివారు లేరు. ఎండుచేపల బేరంలో ఆమె మాట ఎంత ఖచ్చితమో, తెల్లవారి మొక్కు విషయంలో ఆమె పట్టింపు కూడా అంతే. ఆ మొక్కుకు పూజారి అక్కరలేదు, పువ్వూ అక్కరలేదు. పొద్దు పొడిచే వేళకు మోకాటి లోతున అలల్లోకి దిగి కదలక నిలబడుతుంది. వచ్చిన అల వెనుకకు మళ్ళేటప్పుడు పాదాల కింది ఇసుక మెల్లగా జారిపోతుంది. సరిగ్గా ఆ క్షణంలోనే దండం పెట్టుకోవాలన్నది ఆమె నియమం. ఆ జారుడులో గంగమ్మ తల్లి చేయి తనకు తగులుతుందని ఆమె నమ్మకం. కోరికలేవీ చెప్పుకోదు. "ఉండావు గదమ్మా, నేనూ ఉండాను" అని మాత్రం అని, గంప నెత్తికెత్తుకొని అల్లూరు బజారుకు బయలుదేరుతుంది. తిరిగి ఇల్లు చేరేసరికి సాయంత్రమే.

ఈ యేడు వేసవిలో ఆమె కుడికంటికి శుక్లం తీశారు. ఆపరేషన్ సవ్యంగానే జరిగింది. అయితే కంటిలో ఉప్పునీటి తుంపర పడరాదని, నెల దాటేవరకు అలల దరిదాపులకు పోరాదని డాక్టరుగారు గట్టిగా చెప్పిన మీదట, కొడుకు ముఖేష్ ఆమెకు నల్లద్దాలు తగిలించి ఇంటికి తీసుకువచ్చాడు.

కంటి సంగతి ఆమె పెద్దగా లక్ష్యపెట్టలేదు. మొక్కు లేని తెల్లవారులే ఆమెను కుంగదీశాయి. ఇంట్లో పటాల ముందు కూర్చొని చూసింది. కుదరక లేచిపోయింది. ఒడ్డున తాను కనిపించకపోతే ఆ తల్లికి తనకు నడుమ ఉన్న పలకరింపు తెగిపోతుందేమోనన్న దిగులు పట్టుకున్నది.

అత్త అన్నం ముద్ద మింగలేకపోవడం గమనించి, కోడలు సుభాషిణి ఒక ఉపాయం పన్నింది. ఒకనాటి ఉదయం బకెట్టెడు సముద్రపు నీటిని, అడుగున గుప్పెడు ఇసుకతో సహా మోసుకువచ్చి వసారాలో పెట్టింది.

"కాళ్లు పెట్టత్తా. ఇది గూడా గంగమ్మే గదా."

మస్తానమ్మ ఒక కాలు పెట్టింది. రెండవ కాలికి చోటు చాలలేదు.

"అంత తల్లిని ఇందులో కుక్కి తెచ్చినావా పిల్లా? కదలకుండా ఉండాదే, పాపం."

"కదలాలంటే నేను ఊపుతాలే."

"నువ్వు ఊపితే దండం నీకే పెట్టాల్సి వస్తాది."

"పెట్టు. నేనేం వద్దంటినా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వు అయిపోయిన తరువాత మస్తానమ్మ కాలు తీసి తుడుచుకున్నది.

ఆనాటి మధ్యాహ్నం సుభాషిణి ఇంటి ముందర వల పరచి నెత్తళ్ల చిరుచేపలను ఎండబోసింది. ఆకు కదలని ఉక్క. కంటికి గాలి తగలరాదని ఇన్నాళ్లూ తలుపు మూసిన గదిలోనే తింటున్న మస్తానమ్మ, ఆనాడే వసారాలో అన్నం కంచం ముందు కూర్చొని ఉన్నది.

"ఈ ఉక్కకి ఇవి ఎండేదెట్టా?" అన్నది, ఏదో ఒకటి అనాలి గనుక.

"గాలి వస్తాదిలే అత్తా. రోజూ అన్నం తినే యాలకి వస్తాది."

"రోజూనా?"

"రోజూ. నువ్వు బజార్లో ఉంటావు, నీకేం తెలుసు? అద్దాలు మాత్రం తియ్యబాక, కంట్లో దుమ్ము పడతాది."

మాట ముగియకుండానే ద్వారానికి కట్టిన పాత చీర తెర ఉబ్బింది. సముద్రం మీది నుండి వచ్చిన చల్లని, చెమ్మగల గాలి మస్తానమ్మ మెడను, చేతులను, చాపి ఉంచిన పాదాలను నిదానంగా తడుముకుంటూ లోపలికి పోయింది. ఆ స్పర్శ ఆమెకు తెలియనిది కాదు. ఇన్నేళ్లుగా తానే వెళ్ళి పలకరించి వస్తున్నాననుకున్నది. తాను లేని ఇంటికి ఆ తల్లి ప్రతి మధ్యాహ్నమూ వచ్చి, చేపలను ఆరబెట్టి పోతున్న సంగతి ఆమెకు ఇంతకాలమూ తోచలేదు. ఆమె గుండెలోని బరువు దిగిపోయింది. కంచం ముందే రెండు చేతులూ జోడించింది.

"ఎంగిలి చేత్తో దండమేందత్తా?"

"ఇంటికొచ్చినామెను నేను చెయ్యి కడుక్కొనేదాకా నిలబెట్టమంటావా?"

అని, గాలికి దారి వదిలి, మస్తానమ్మ కంచంతో సహా గోడవైపుకు జరిగి కూర్చున్నది.