ఎడమ చెవి వెనక జుట్టు

మా పిన్ని యూనిఫారాలు కుట్టే షాపులో టైలరు. అక్కడ ఆమెను పేరుతో పిలిచేవాళ్లు లేరు, అందరికీ రింగులమ్మే. నడుము దాటిన ఉంగరాల జుట్టు ఆమెది. చిన్నప్పుడు పిచ్చుకగూడు అని ఏడిపించినవాళ్ల మీద పంతం పట్టి పెంచిందట. ఎవరెంత పోరినా స్ట్రెయిట్‌నింగ్ చేయించుకోలేదు. పంతమంటే మా ఇంట్లో అందరికీ ఉంది, నాకు మరీ ఎక్కువ. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లయినా మర్చిపోకుండా చెబుతున్నాను.

నాన్న పోయాక అమ్మా నేనూ పిన్నీ బాబాయిల దగ్గరే ఉండిపోయాం. వంట అమ్మది. పిన్ని తలకి నూనె కాచేదీ అమ్మే.

ఒక ఏడాది పిన్ని ఎడమ చెవి వెనక జుట్టు తెగడం మొదలైంది. ఊడటం కాదు, తెగడం. దొరికిన ముక్కలకి కుదుళ్లుండేవి కావు. ఒకటి జానెడు, ఒకటి వేలెడు. కుడివైపు మాత్రం నిక్షేపంగా ఉండేది. పిన్ని షాంపూ మార్చింది, దువ్వెన మార్చింది, తలగడకి పట్టుగుడ్డ తొడిగింది. చర్మం డాక్టరు తల అటూ ఇటూ తిప్పి చూసి, జబ్బేమీ లేదు పొమ్మన్నాడు. జబ్బు లేకపోతే ఎవరో చేస్తున్నట్టేనని పిన్ని లెక్క వేసుకుంది. అమ్మది ఎలకతోక జడ. ఇంకెవరిని అనుమానిస్తుంది?

ఒక పొద్దున నూనె సీసా తెచ్చి, అమ్మ చూస్తుండగానే సింకులో ఒంపేసింది.

"ఇందులో ఏం కలిపావో నాకు తెలీదక్కా. ఇక నా తల జోలికి రాకు."

నేను నోరు తెరవబోయాను. అమ్మ నా మణికట్టు నొక్కిపట్టింది. నూనె జిడ్డంతా తనే కడిగింది. ఆ రోజే నాకు పిన్ని మీద కసి పుట్టింది.

ఆ వారం జుట్టు తెగడం ఆగిపోయింది. పిన్నికి అంతకన్నా రుజువేం కావాలి? సరిగ్గా అదే వారం బాబాయి రాత్రి డ్యూటీకి మారాడన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరు. మళ్లీ పగటి డ్యూటీకి వచ్చాడు, మళ్లీ ముక్కలు రాలాయి. అప్పుడు పిన్ని ఏమందంటే, అక్క దొంగచాటుగా దువ్వెన ముట్టుకుంటోందని.

ఓ పక్క మనిషి పట్టేంత సందు వదిలి, వంటగది మధ్యలో అడ్డంగా చెక్క వేశారు. బాబాయే కొలిచాడు, బాబాయే కోశాడు, మేకులూ ఆయనే కొట్టాడు. చెక్కకి ఇటు మా స్టవ్వు, అటు వాళ్ల స్టవ్వు. పిన్నికి వంట అంతంతమాత్రం. అటు నుంచి మాడిన వాసన వస్తే ఇటు నాకు కడుపు నిండేది. అమ్మకి మాత్రం ముద్ద దిగేది కాదు. దొంగ అని ముద్ర వేయించుకుని ఎన్నాళ్లిక్కడ, వేరే గది చూసుకుందాం అని సామాను సర్దడం మొదలుపెట్టింది. చేతిలో ఉన్న డబ్బుకి మాకు గది ఎక్కడ దొరుకుతుందో తనకే తెలియదు.

పిన్ని కూడా ఓడిపోయింది. మెడ దాకా కత్తిరించేద్దామని నిశ్చయించుకుని, సెలవునాటి మధ్యాహ్నం తలనొప్పిగా ఉంటే కాసేపు నడుం వాల్చింది. పక్కన బాబాయి గురకపెడుతున్నాడు. ఆయన చెయ్యి ఎప్పటిలాగే ఆమె మెడకింద ఉంది. ఆయన నిద్రలేచి చెయ్యి లాక్కోగానే ఆమెకి చెవి వెనక చురుక్కుమంది. కళ్లు పూర్తిగా తెరవకుండా రెప్పల సందులోంచి చూసింది. చేతి గడియారం స్టీలు గొలుసు సందుల్లో నాలుగు రింగులు చిక్కుకుని ఉన్నాయి. బాబాయి రెండో చేత్తో వాటిని పుటుక్కున తెంపాడు. గొలుసులో మిగిలిన ముక్కలు గోటితో లాగి, కిటికీలోంచి వదిలేశాడు. తడుముకోలేదు, తొట్రుపడలేదు. రోజూ చేసే పని చేసినట్టే చేశాడు.

ఆయన బయటికి వెళ్లాక పిన్ని కిటికీలోంచి వంగి చూసింది. కింద సన్‌షేడ్ మీద జుట్టు ఉండలు ఉండలుగా పడి ఉంది.

పిన్ని అరవలేదు. అరిస్తే ఆయన బతికిపోయేవాడు. ఆ ఉండలన్నీ ఏరి తెచ్చి, రాత్రి అందరం ఉన్నప్పుడు ఆయన కంచంలో పెట్టింది.

"ఇదేంటో అక్కకి మీరే చెప్పండి."

బాబాయి కంచం వంక చూస్తూ కూర్చున్నాడు. చేతి గడియారం విప్పి పక్కన పెట్టాడు.

"గడియారంలో చిక్కుకునేది వదినా. మొదట్లో నాకూ తెలీలేదు. తెలిశాక... చెప్తే గొడవవుతుందని."

"గొడవైంది కదా మరిదీ," అంది అమ్మ. "నీకొక్కడికి తప్ప అందరికీ అయింది."

పిన్ని అమ్మ చెయ్యి పట్టుకోబోయింది. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నువ్వొక్కసారి నన్ను అడిగుండాల్సింది. నీ మీద కోపం నాకింకా పోలేదు. పోయినప్పుడు చెప్తాను."

పిన్ని తల దించుకుంది. నాకు అప్పటికి కాస్త చల్లబడింది, అబద్ధం ఎందుకు.

బాబాయి లేచి సుత్తి తెచ్చి, చెక్కకి కొట్టిన మేకులు పీకబోయాడు.

"తీయకు," అంది అమ్మ. "మాకేం అడ్డం కాదది, చుట్టూ తిరిగి వస్తాం. నువ్వు కొట్టిన మేకులు నువ్వే రోజూ చూడు."

బాబాయి సుత్తి కింద పెట్టాడు. అమ్మ ఇటువైపు మూడు కంచాల్లో అన్నం వడ్డించింది. పిన్ని వచ్చి నా పక్కన కూర్చుంది. చెక్క అవతల బాబాయి తన కంచంలోంచి జుట్టు తీసి, కడుక్కుని, ఒక్కడే తిన్నాడు.